గరువుపాలెం పెద్ద విమానం

మా గరువుపాలెం విమానాశ్రయానికి రోజుకి ఒకే ఒక్క విమానం వచ్చేది. రెక్కకొక పంకా ఉన్న చిన్న విమానం. పొద్దున్నే హైదరాబాదు నుంచి వచ్చి డెబ్బై మందిని దింపి, అరగంటలో మరో డెబ్బై మందిని ఎక్కించుకుని వెళ్లిపోయేది. అది దిగే చప్పుడు వినగానే క్వార్టర్సులో ఉన్న ఆడవాళ్లందరం ఎసరు పెట్టేవాళ్లం. మళ్లీ ఎగిరే చప్పుడు వినేసరికి అన్నం దించేవాళ్లం. హైదరాబాదులో మంచు పట్టి అది ఆలస్యమైన రోజున క్వార్టర్సు పిల్లలంతా బడికి ఆలస్యమయ్యేవారు.

మా ఆయన అక్కడ అసిస్టెంట్ ఇంజనీరు. రన్‌వే మీద పగుళ్లు పూడ్పించడం, పక్కన గడ్డి కోయించడం, వర్షాకాలంలో కాలవలు బాగుచేయించడం ఆయన పని. ఇరవై ఏళ్ల సర్వీసులో ఆయన ఆఫీసులో ఎవరికీ ఎదురు చెప్పలేదు. ఇంట్లో కూడా చెప్పలేదనుకోండి.

ఆ చిన్న విమానమంటే నాకు గౌరవం ఏర్పడటానికి మా హైమ పెళ్లి కారణం. అమ్మాయికి హైదరాబాదు సంబంధం కుదిరింది. కుర్రాడి పేరు శశిధర్, నెమ్మదస్తుడు. వైశాఖంలో ముహూర్తం పెట్టారు. మగపెళ్లివారు ఎంతమంది వస్తారన్నది ఏ పెళ్లిలోనూ ముందుగా తేలే విషయం కాదు. నేను వియ్యపురాలితో మర్యాదగా, "వదినగారూ, వేసవి సెలవుల్లో రైళ్లలో అవస్థ ఎందుకండీ. పెళ్లినాడు పొద్దున్నే విమానంలో వచ్చేయండి, అది మా గుమ్మం ముందే ఆగుతుంది" అన్నాను. ఆవిడ సంతోషించి అందరికీ టిక్కెట్లు కొనేశారు. విమానంలో సీట్లు డెబ్బై. ఇంత కచ్చితమైన ఏర్పాటు మా వంశంలో ఏ పెళ్లికీ జరగలేదు.

పెళ్లి మా క్వార్టర్సు మైదానంలోనే అనుకున్నాం. క్వార్టర్సుకీ, విమానాలు ఆగే చోటుకీ మధ్య ఉన్న ఖాళీ స్థలం అది. అక్కడ ఎన్నో పెళ్లిళ్లు జరిగాయి. మా వైపు ఆరువందల మంది తేలారు. పందిరి మా ఊరి తాతబ్బాయి వేస్తానన్నాడు. వినాయక చవితికి వెదుళ్లతో గుళ్లూ కోటలూ కట్టే మనిషి. అతను మాటిచ్చాక నేను పందిరి సంగతి మరిచిపోయాను. అక్కడే పొరపాటు చేశాను.

మాఘమాసంలో పైనుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. ప్రపంచంలో అన్నిటికంటే పెద్ద ప్రయాణికుల విమానం ఒకటుందట. రెండంతస్తులు, నాలుగు ఇంజన్లు, ఆరువందల మంది. ఇకనుంచి ప్రతి విమానాశ్రయమూ ఆ విమానాన్ని అందుకోవడానికి సిద్ధంగా ఉండాలనీ, సిద్ధంగా లేనివాటిని రెండో తరగతిగా పరిగణిస్తామనీ అందులో ఉంది.

మా డైరెక్టర్ విద్యాధరరావు గారికి రెండో తరగతి అన్న మాట పడదు. రైల్లో కూడా పడేది కాదట. ఆ సాయంత్రమే సిబ్బందినీ కుటుంబాలనీ హాల్లో సమావేశపరిచారు.

"ప్రస్తుత ప్రపంచ విమానయాన ముఖచిత్రంలో పరిమాణమే ప్రమాణంగా పరిణమిస్తున్న తరుణంలో, మన సంస్థ తన భౌతిక వనరులను విస్తృతపరచుకోవలసిన చారిత్రక ఆవశ్యకత ఏర్పడింది" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. తరవాత టీ, పకోడీలు అని ముందే ప్రకటించారు.

పకోడీల దగ్గర నేను అడిగాను. "ఆ విమానం మన ఊరికి ఎప్పుడొస్తుందండీ?"

ఆయన నన్ను జాలిగా చూశారు. "అమ్మా, రావడం రాకపోవడం విమానం చిత్తం. సిద్ధంగా ఉండటం విమానాశ్రయం ధర్మం."

ఇంటికొచ్చాక మా ఆయనతో అన్నాను. "మనం ముగ్గురం ఉన్న ఇంట్లో, ఎప్పుడైనా ఆరువందల మంది భోజనానికొస్తారేమో అని గంగాళం కొని, అది పట్టడానికి వంటింటి గోడ పడగొట్టినట్టుంది."

"దీన్ని వంటింటితో పోల్చకు" అన్నారాయన.

"పోనీ దేంతో పోల్చమంటారు?"

"దేంతోనూ పోల్చకు. సర్క్యులర్ వచ్చింది, అంతే" అన్నారు.

పనులు మొదలయ్యాయి. పెద్ద విమానం చివరి ఇంజన్లు రన్‌వే దాటి గడ్డి మీదికి వస్తాయట, కింద చిన్న రాయి కనబడినా పీల్చేస్తాయట. అందుకని గడ్డి పీకించి రెండు పక్కలా గట్టి చేశారు. పొలిమేరలో రాయి అన్నది లేకుండా ఏరించారు. మా పెరట్లో రుబ్బురోలు పొత్రాన్ని 'భద్రపరచని రాయి'గా గుర్తించి లోపల పెట్టుకోమని నోటీసు ఇచ్చారు. నోటీసు మీద సంతకం మా ఆయనది. ఆయనే చేసి, ఆయనే తెచ్చి, నా చేతికే ఇచ్చి, ముట్టినట్టు నా సంతకం తీసుకున్నారు. తరవాత పొత్రం లోపలికి మోసిందీ ఆయనే.

విమానానికి రెండంతస్తులు గనక ఎక్కే వంతెన కూడా రెండంతస్తులది కట్టారు. చిన్న విమానం తలుపు నేలకి ఛాతీ ఎత్తులో ఉంటుంది. అందువల్ల ప్రయాణికులు సామానుతో రెండంతస్తులు ఎక్కి, వంతెన చివరిదాకా నడిచి, అక్కడ ఏమీ లేదని చూసి, పక్క మెట్ల మీద నుంచి కిందికి దిగి విమానం ఎక్కేవారు. ఒక పెద్దాయన, "ఇంతదాకా ఎక్కించాక మళ్లీ దింపుతారేంటండీ బాబూ" అంటే, అక్కడున్న ఉద్యోగి, "పెద్దది వచ్చినప్పుడు దింపమండి" అని ధైర్యం చెప్పాడు.

హాలులో ఆరువందల కుర్చీలు వేశారు. కుర్చీలు వేశాక నిలబడటానికి చోటు లేక లైను బయట ఎండలోకి వెళ్లింది. రెక్క వెళ్లే దారిలో ఉందని మా మునగచెట్టు నరికించారు. బట్టల తాళ్లు విప్పించారు. నెలల తరబడి మేం వంటింట్లో ఆరేసుకున్న చీరలు కట్టుకుని, వాటిలో ఇంగువ వాసనతో పేరంటాలకి వెళ్లాం.

అన్నీ అయ్యాక ప్రథమ శ్రేణి ధ్రువపత్రానికి రాశారు. ఢిల్లీ నుంచి జవాబొచ్చింది. దూరాలూ ఎత్తులూ కాగితం మీద చూపిస్తే చాలదు, ఆ విమానాన్నే నిలబెట్టి కమిటీకి చూపించాలి అని. విమానం ఉన్న కంపెనీలకి రాస్తే, రెండు జవాబివ్వలేదు. మూడోది, గరువుపాలెం ఏ దేశంలో ఉందో తెలియజేయవలసిందిగా కోరింది.

విద్యాధరరావు గారు నిబంధనలు తిరగేసి ఒక వాక్యం పట్టుకున్నారు. విమానం లభ్యం కానిచోట, అదే పరిమాణం గల ప్రతిరూపంతో నిరూపించవచ్చునని.

మర్నాడు మధ్యాహ్నం తాతబ్బాయి మా వరండాలో కూర్చుని మజ్జిగ తాగుతూ చెప్పాడు. "ఆయ్, విమానం నాకే ఇచ్చారండి. రెక్కలదేముందండి, పందిరేసినట్టేనండి. పొట్ట కూడా మనం ఏటా కట్టే కోట లాంటిదే. తోక ఒక్కటేనండి, ఎనిమిదంతస్తులంట. దేవుడిమీద భారమేసి కట్టేత్తానండి."

"మా పందిరి?" అన్నాను.

"మీ పందిరికేటండి, మీది నా సొంత పందిరి. మీరు నిశ్చింతగా పడుకోండమ్మగారూ."

అంత గట్టిగా చెప్పేసరికి నాకు అనుమానం వచ్చింది. "వెదుళ్లు చాలతాయా?"

అతను గ్లాసు కింద పెట్టి ఆకాశం వంక చూశాడు. "జిల్లాలో ఉన్న వెదురంతా తెప్పించానండి. సగం రెక్క అయ్యింది."

చైత్రం వచ్చేసరికి విమానం లేచి నిలబడింది. నిజం చెప్పాలి, చూడముచ్చటగా ఉంది. వెదురు గూడు, మీద తెల్లగుడ్డ, కిటికీలకి నీలిరంగు. ఈ కొస నుంచి ఆ కొసకి చూడాలంటే మెడ తిప్పాలి. నిబంధనలో చక్రాలు ఇరవైరెండు అని ఉందని తాతబ్బాయి పాత లారీ చక్రాలు ఇరవైరెండు బిగించాడు. ముక్కు మీద పొరపాటున నామం పెట్టబోతే డైరెక్టర్ గారు వారించారు. ఎడమ రెక్క సరిగ్గా మా మైదానం మీదికి వచ్చి ఆగింది.

ప్రతిరూపమైనా పరిమాణం విమానానిదే గనక, విమానానికి వర్తించే నిబంధనలన్నీ దానికీ వర్తిస్తాయని డైరెక్టర్ గారు ఉత్తర్వు ఇచ్చారు. చక్రాలకి అడ్డుదిమ్మలు పెట్టారు. తోక మీద ఎర్రదీపం వెలిగించారు. ఇద్దరు జవాన్లని కాపలా పెట్టారు. వాళ్లు దాని దగ్గరికి ఎవరినీ రానిచ్చేవారు కాదు. అగ్నిమాపక బండి రోజంతా పక్కనే నిలబడేది. వెదురూ గుడ్డా గనక, జరిగిన ఏర్పాట్లన్నిట్లోనూ అదొక్కటే సబబని నాకనిపించింది.

పెళ్లి ఇంకా పక్షం రోజులు ఉందనగా ఒక పొద్దున్న నేను ఎసరు పెట్టలేదు. చప్పుడు వినబడలేదు. తొమ్మిదయ్యింది, పదయ్యింది. మా ఆయన ఆఫీసు నుంచి ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డారు.

"చిన్న విమానాన్ని ఆపేశారు" అన్నారు.

"ఎందుకండీ?"

"పెద్ద విమానం ఆగి ఉన్నప్పుడు దాని రెక్కకి ఇంత దూరంలో ఇంకో విమానం రాకూడదని నిబంధన. మనకి ఉన్నది ఒక్కటే చోటు. అది నిండిపోయింది. చిన్నది పక్క జిల్లాలో దిగుతుంది. అక్కడి నుంచి రోడ్డు మీద నాలుగు గంటలు."

నేను లెక్క వేశాను. ముహూర్తం పదకొండు దాటాక. మగపెళ్లివారు మధ్యాహ్నం భోజనాల వేళకి వస్తారు. పెళ్లికొడుకు కూడా వాళ్లతోనే వస్తాడు. రైలు బెర్తులు దొరకవు. ఇంకో ముహూర్తం శ్రావణం దాకా లేదని సిద్ధాంతి గారు ముందే చెప్పారు.

"మరి పందిరి రాట?" అన్నాను. ఎల్లుండి రాట పాతాలి.

ఆయన జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టి, కిటికీలోంచి బయటికి చూశారు. రెక్క కదిలే ప్రాంతంలో అరచేతి ఎత్తుకు మించి ఏ స్తంభమూ పాతరాదు. అతిక్రమించిన సిబ్బందిపై చర్య తీసుకోబడును. కింద ఆయన సంతకమే.

"మీ అమ్మాయి పెళ్లిరాటకి మీరే నోటీసిచ్చారా?"

"నేను ఇవ్వకపోతే నాకు ఇస్తారు" అన్నారాయన నీరసంగా. "అరచేతి ఎత్తు రాట అంటే సిద్ధాంతి గారు ఒప్పుకుంటారంటావా?"

హైమ గదిలోంచి వచ్చి కాగితం చదివింది. ఆ పిల్ల ఏడవలేదు. "అమ్మా, శశికి ఏం చెప్పను?" అంది. ఆ గొంతు విన్నాక నేను చీర మార్చుకుని, మొదటి శుభలేఖకి నాలుగు మూలలా పసుపు రాసి తీసుకుని ఆఫీసుకి బయలుదేరాను. మా ఆయన నా వెనకాల వచ్చారు, పిలిస్తే వచ్చినట్టు కాకుండా, ఆయన దారిన ఆయన పోతున్నట్టు.

విద్యాధరరావు గారు దిగులుగా ఉన్నారు. శుభలేఖ అందుకుని, "తేదీ చూశారామ్మా? అదే రోజున కమిటీ వస్తోంది" అన్నారు.

"అలాగా అండీ. కమిటీకి ఏం చూపించాలి?"

"విమానం చూపిస్తాం. దానికి బాధ లేదు. ప్రయాణికుల నిర్వహణా సామర్థ్యం చూపించాలి. ఆరువందల మందిని సామానుతో సహా కూర్చోబెట్టి, భోజనం పెట్టి, సంతృప్తికరంగా సాగనంపాలి. ఆరువందల మందిని ఈ ఎండల్లో నేను ఎక్కడి నుంచి సమీకరించను?"

"ఆ రెక్క కింద ఎవరు కూర్చోవచ్చండీ?"

"ప్రయాణికులు. విమాన సేవా సిబ్బంది. ఇతరులెవరూ కూడదు."

నేను శుభలేఖ వైపు చూపించాను. "మా వాళ్లు ఆరువందల మంది ఉన్నారండీ. అందరికీ సామాను ఉంటుంది. భోజనం మేమే పెడతాం. సాగనంపడం ఎలాగూ తప్పదు. పందిరి మాత్రం వెయ్యం. రెక్క ఉంది కదండీ."

ఆయన శుభలేఖని ఫైలు చదివినట్టు మొదటినుంచి చివరిదాకా చదివారు. "బోర్డింగ్ పాసులు తీసుకుంటారా?"

"తాంబూలంతో పాటు ఇచ్చేద్దామండి."

"భద్రతా తనిఖీ?"

"గుమ్మంలో పన్నీరు జల్లే చోట పెట్టుకోండి."

ఆయన ముఖం విప్పారింది. "సామాజిక భాగస్వామ్యంతో కూడిన ప్రయాణికుల నిర్వహణా ప్రదర్శన" అని తనలో తను అనుకుని, రాసుకున్నారు. నేను లేచి, తలుపు దాకా వెళ్లి, అప్పుడే గుర్తొచ్చినట్టు ఆగాను.

"కమిటీ వారు ఏ రైలుకి వస్తున్నారండీ? స్టేషనుకి ఎవరినైనా పంపుతారేమో, మా బంధువులు కూడా..."

"రైలేమిటమ్మా? కమిటీ విమానంలో వస్తుంది."

"ఏ విమానంలోనండీ?"

ఆయన మా ఆయన వంక చూశారు. మా ఆయన నేల వంక చూశారు. వియ్యపురాలు కొన్నవి అరవైఏడు టిక్కెట్లని నాకు తెలుసు. మిగిలిన ముగ్గురూ ఎవరో ఇప్పుడు తెలిసింది.

"కమిటీ పక్క జిల్లాలో దిగితే..." అన్నారు డైరెక్టర్ గారు. పక్క జిల్లా విమానాశ్రయం కూడా ప్రథమ శ్రేణికి రాసింది.

"పెద్దదాన్ని కాసేపు పక్కకి జరిపితే చిన్నది దిగిపోతుంది కదండీ" అన్నాను.

"లాగే ట్రాక్టరు ఇంకా మంజూరు కాలేదమ్మా."

"తాతబ్బాయి ఏటా తిరునాళ్లలో రథం లాగిస్తాడండి. తాళ్లూ ఉన్నాయి, మనుషులూ ఉన్నారు."

"విమానాన్ని మనుషులు తాళ్లతో లాగవచ్చునని నిబంధనల్లో ఎక్కడా లేదు."

"లాగకూడదని ఉందా అండీ?"

డైరెక్టర్ గారు మళ్లీ మా ఆయన వంక చూశారు. "ఏ.ఈ. గారూ?"

మా ఆయన గొంతు సవరించుకున్నారు. ఇరవై ఏళ్లలో ఆ గదిలో ఆయన 'చూస్తానండి' తప్ప ఇంకో మాట అనలేదు.

"లేదండి" అన్నారు. ఆ రాత్రి ఆయనకి ఇష్టమని గుత్తి వంకాయ చేశాను.

రాట సంగతి సిద్ధాంతి గారితో తేల్చుకోవలసి వచ్చింది. విమానం ముందు చక్రం కాలు మంచి లావుపాటి వెదురు. దానికి పసుపు రాసి, మామిడాకులు, నవధాన్యాల మూట కట్టించాను. సిద్ధాంతి గారు చుట్టూ తిరిగి చూశారు.

"రాట కదలకూడదమ్మా" అన్నారు.

"పొద్దున్న ఒకసారి వెళ్లి, ముహూర్తం వేళకి వచ్చేస్తుందండీ."

ఆయన పంచాంగం తీసి చూశారు. "వెళ్లేటప్పుడు రాహుకాలం లేదు. సరే కానివ్వండి."

పెళ్లిరోజు తెల్లవారేసరికి ఆరువందల మందీ మైదానంలో ఉన్నారు. పట్టుచీరలు, సూట్‌కేసులు, చేతుల్లో బోర్డింగ్ పాసులు. మా పెద్దాడబడుచు తన పాసు పట్టుకుని, "కిటికీ సీటు అడిగాను, నడవ పక్కది ఇచ్చారే" అని నొచ్చుకుంది. రెక్క కింద పెళ్లిపీటలు వేశాం. తాతబ్బాయి తలపాగా చుట్టి, రథం తాళ్లు నాలుగు ముందు చక్రాలకి కట్టి, మగవాళ్లని వరసలుగా నిలబెట్టాడు.

ఎనిమిదిన్నరకి ఆకాశంలో చప్పుడు వినిపించింది. పక్షం రోజులుగా వినని చప్పుడు. నా చెయ్యి దానంతటదే ఎసరు గిన్నె కోసం వెతికింది.

టవర్లో ఉన్నతను తరవాత చెప్పాడు. పైలట్ కిందికి చూసి, "అక్కడ ఆగి ఉన్నది ఏ కంపెనీ విమానం?" అని అడిగాడట. "మా ఊరిదేనండి" అన్నాట్ట ఇతను. "అది ఎప్పుడు కదులుతుంది?" అంటే, "లాగుతున్నారండి, కాసేపు తిరగండి" అన్నాట్ట. చిన్న విమానం మా తలమీద గుండ్రంగా తిరగడం మొదలెట్టింది. మా కాబోయే అల్లుడు పెళ్లికి ముందే మండపం చుట్టూ ప్రదక్షిణాలు చేశాడు.

"పట్టండెహె" అన్నాడు తాతబ్బాయి. గోవిందా అని ఒక్కసారిగా లాగారు. వెదుళ్లు కిరకిరలాడాయి. విమానం కదల్లేదు. మళ్లీ లాగారు. ముక్కు కొంచెం ముందుకొచ్చి ఆగిపోయింది.

"ఎక్కడో పట్టేసిందండి" అన్నాడు తాతబ్బాయి.

నేను వెనక్కి పరుగెత్తాను. రెండంతస్తుల వంతెన నుంచి విమానం తలుపు దాకా, తలుపు నుంచి తోక దాకా మామిడి తోరణం కట్టి ఉంది. కొబ్బరి తాడుతో, మూడు వరసలు. రాత్రి గట్టిగా కట్టించింది నేనే.

"శుభమా అని తోరణం కోస్తావేంటే" అంది పెద్దాడబడుచు.

"అల్లుడు పైన తిరుగుతున్నాడు వదినా" అన్నాను. వంటవాళ్ల దగ్గర కత్తిపీట తెప్పించి కోసేశాను. ఈసారి గోవిందా అనేసరికి ఇరవైరెండు చక్రాలూ కదిలాయి. ఆ పెద్ద తెల్లటి విమానం, ముందు సన్నాయి మేళంతో, పసుపు రాసిన కాలితో, రన్‌వేకి పోయే దారి మీద నెమ్మదిగా నడిచి వెళ్లింది. మా ఆయన రెక్క కొస పక్కనే నడుస్తూ, చేతులు చాపి దూరాలు చూసుకుంటూ వెళ్లారు. కొత్తగా గట్టి చేసిన అంచు మీద చక్రాలు ఎక్కడా దిగబడలేదు. ఆయన ముఖంలో అంత ఆనందం మా పెళ్లిలో కూడా చూడలేదు.

ఖాళీ అయిన చోట చిన్న విమానం వచ్చి ఆగింది. ముందు కమిటీ దిగింది, వెనకాల పెళ్లికొడుకు. అరగంటలో చిన్న విమానం ఎగిరిపోయింది. పెద్దదాన్ని మళ్లీ లాక్కొచ్చాం. వెళ్లిన పందిరి తిరిగొచ్చి పీటల మీద నీడ పరిచింది. పదకొండు దాటాక, ఎడమ రెక్క కింద, రెండో ఇంజనుకి ఎదురుగా హైమ మెడలో మూడుముళ్లు పడ్డాయి.

కమిటీ అధ్యక్షులు సోమయాజులు గారు మన వాళ్లే. ముప్ఫై ఏళ్లుగా ఢిల్లీలో ఉంటున్నారు. విద్యాధరరావు గారు ఆయన వెంట తిరుగుతూ, "ఇది ప్రయాణికుల విశ్రాంతి మండలం, అది ఆహార సరఫరా విభాగం" అని వివరిస్తున్నారు. ఆహార సరఫరా విభాగంలో పనస పొట్టు కూర ఆవ పెట్టి దించుతున్నారు. సోమయాజులు గారు అక్కడ ఆగిపోయారు.

"ఇది తిని ఎన్నేళ్లయిందో" అన్నారు.

మొదటి పంక్తిలోనే వారికి ఆకులు వేయించాను. మూడోసారి కూర అడిగాక ఆయన డైరెక్టర్ గారితో, "ప్రయాణికుల సంతృప్తి ప్రత్యక్షంగా గమనించబడింది" అన్నారు. పక్క సభ్యుడొకాయన మాత్రం వెదురు తోక వంక చూసి, "ఇంతకీ ఇది..." అని మొదలుపెట్టారు.

"ఎగరడం మన కమిటీ పరిధిలోకి రాదు" అన్నారు సోమయాజులు గారు. "పులిహోర వేయించుకోండి."

నెల తిరక్కుండా ప్రథమ శ్రేణి ధ్రువపత్రం వచ్చింది. ఆ వారమే పేపర్లో, ఆ పెద్ద విమానాన్ని తయారుచేసే వాళ్లు ఇక కొత్తవి చెయ్యడం మానేశారని ఒక వార్త పడింది. మా ఆయన పేపరు చూపిస్తే విద్యాధరరావు గారు కళ్లద్దాలు తుడుచుకుని, "అయితే ప్రపంచంలో అన్నిటికంటే కొత్తది మనదేనన్నమాట" అన్నారట.

విమానాన్ని విప్పడానికి లేదు. ఉన్నందుకే ధ్రువపత్రం. చిన్నదాన్ని ఆపడానికీ లేదు. ఊళ్లో వాళ్లు ఊరుకోలేదు. అందువల్ల పెళ్లినాటి పద్ధతే స్థిరపడింది. రోజూ పొద్దున్న తాతబ్బాయి మనుషులు పెద్ద విమానాన్ని పక్కకి లాగుతారు. చిన్నది దిగి వెళ్లిపోతుంది. మళ్లీ దీన్ని వెనక్కి లాగుతారు. నిబంధన ప్రకారం పెద్ద విమానం కదిలినప్పుడల్లా రిజిస్టర్లో రాయాలి గనక, మా ఆయన రోజూ ఒక 'బయలుదేరినది', ఒక 'చేరుకున్నది' రాస్తారు. దేశంలో పెద్ద విమానాల రాకపోకలు ఒక్కరోజు కూడా తప్పని విమానాశ్రయంగా మాకు బహుమతి వచ్చింది. ఆలస్యం లేదు, సామాను పోలేదు, ప్రయాణికుల ఫిర్యాదు ఒక్కటీ లేదు. బహుమతి అందుకోవడానికి డైరెక్టర్ గారు చిన్న విమానంలో వెళ్లారు.

ఆషాఢం వచ్చింది. కొత్త పెళ్లికూతురు అత్తవారింట ఉండకూడదు గనక హైమ మా ఇంటికి రావాలి. ఆ పొద్దున విమానానికే టిక్కెట్టు. ముందురోజంతా వాన. గుడ్డంతా తడిసి పెద్ద విమానం బరువెక్కింది. ఊడ్పులు మొదలై తాతబ్బాయి మనుషులు పొలాలకి పోయారు. చూస్తే తాళ్ల దగ్గర అతనూ ఇంకో అయిదారుగురూ ఉన్నారు.

మబ్బుల్లో చప్పుడు వినబడింది. తిరుగుతోంది.

"ఏం చేద్దామండీ?" అన్నాను.

మా ఆయన రిజిస్టరు చంకలో పెట్టుకుని నిలబడ్డారు. "కదలకపోతే పక్క జిల్లాకి పంపేస్తారు. ఈ వానలో రోడ్డు ఎలా ఉందో."

నేను గుమ్మంలోంచి క్వార్టర్సు వరస అంతా వినబడేలా పిలిచాను. అందరూ పొయ్యిలు కట్టేసి వచ్చారు. తడిలో చెప్పులు జారుతున్నాయని విప్పేశాం. కొంగులు దోపుకుని తాళ్లు పట్టుకున్నాం. మా ఆయన ఒక్క క్షణం చూసి, రిజిస్టరుని ముందు చక్రం నుంచి తీసిన అడ్డుదిమ్మ మీద పెట్టి, నా వెనకాల వచ్చి తాడు పట్టుకున్నారు. ముందు చక్రం కాలి మీద ఇంకా వెలిసిపోని పసుపు మరక మా ముందు కాస్త కాస్తగా కదిలింది.

చిన్న విమానం నీళ్లు చిమ్ముకుంటూ వచ్చి ఆగింది. రెండంతస్తుల వంతెన పక్కన, నేల మీదికి హైమ దిగింది. నా చేతులు పట్టుకుని, తిప్పి, ఎర్రగా కందిన అరచేతులు చూసింది.

"ఏంటమ్మా ఇది?"

"ఏం లేదు. పెద్ద విమానం బయలుదేరింది" అన్నాను. "పద, ఎసరు పెట్టాలి. ఇంకో అరగంటలో అది మళ్లీ తిరిగొస్తుంది, నువ్వు కూడా ఒక చెయ్యి వెయ్యాలి."